నాలుగుంబావు తర్వాత పిడుగు పడలేదు

అన్న ఫోన్ చేసేసరికి నేను మానుకోటలో మా ఆఫీసులోనే ఉన్నాను. టైము ఐదూ పది. గాలివాన వెలిసి ఇంకా అద్దాల మీది నీళ్లు కూడా ఆరలేదు. అన్న నాకు ఏడాదికి రెండుసార్లు ఫోన్ చేస్తాడు, ఆ రెండూ పని పడ్డప్పుడే.

"చెల్లే, మన మక్కచేను కాడ పిడుగు పడి ఒకడు సచ్చిండు. పక్క చేను కౌలు జేస్తడు సూడు, తండాయన, ఆయనే. జర మీ ఆఫీసుల అది పిడుగే అని రాయించు. మీ మ్యాపుల పడ్తది గదా?"

"ఎప్పుడు పడ్డది?"

"ఇప్పుడే. ఐదు గావస్తుండె."

నా ముందు తెర మీద మ్యాపు తెరిచే ఉంది. ఆ వేళకు మా ఊరి మీద ఒక్క చుక్క లేదు.

"అన్నా, నాలుగుంబావు తర్వాత మన దిక్కు పిడుగులు లెవ్వు. మబ్బు ఖమ్మం దిక్కు దాటిపోయింది."

అన్న అరిచాడు.

"నువ్వు మానుకోటల కుర్సీల గూసోని మా చేన్ల పిడుగు పడ్డదో లేదో చెప్తవా? ఇక్కడ పీనుగ పండుకోనుంది! పీనుగ అబద్ధమాడుతదా?"

ఫోన్ పెట్టేశాడు. పీనుగ అబద్ధమాడదు, నిజమే. ఫోన్ చేసినవాడి సంగతే తేలాలి.

నా పనేమిటో ఇక్కడ నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే జాతకాలు చెప్పేదాన్నని అనుకుంటారు. మా ఊళ్లో సగం మంది అనుకునేది అదే. జనగామలో డిగ్రీ చదివాను, లెక్కలూ ఫిజిక్సూ. ఉద్యోగం మానుకోటలో. ఎండలు ముదిరే రోజుల నుంచి వానాకాలం నిలదొక్కుకునేదాకా మధ్యాహ్నం పూట నా కళ్లు ఆ తెర మీదే. మనం కింద నుంచి మబ్బు కడుపు చూస్తాం. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహం దాని నెత్తి చూస్తుంది. నెత్తి ఎంత చల్లబడితే మబ్బు అంత ఎత్తు పెరిగినట్టు, లోపల అంత కొట్లాట జరుగుతున్నట్టు. మెరిసినప్పుడు మబ్బు మొత్తం, లోపల దీపం పెట్టిన దోమతెరలాగా, ఒక్క రెప్పపాటు వెలుగుతుంది. ఆ వెలుగును పైనుంచి పట్టి, ఏ నిమిషాన ఎక్కడ మెరిసిందో గుర్తు పెడతారు. నేల మీది పరికరాలు పట్టినవి కూడా దానికి కలుస్తాయి. నా తెర మీదికి వచ్చేసరికి అన్నీ చుక్కలు. కొత్తవి ఎర్రగా, పాతవి పసుప్పచ్చగా, ఇంకా పాతవి బూడిద రంగులో. చుక్కలు ఏ దిక్కుకు నడుస్తున్నాయో చూసి ఆ దిక్కు ఊళ్ల వాట్సాప్ గ్రూపులకు మెసేజ్ పంపాలి. చెట్ల కింద నిలబడొద్దు, చేలు వదిలి ఇళ్లకు చేరండి అని. చదివేవాళ్లు చదువుతారు, చదవనివాళ్లు దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు.

ఆ రోజు మబ్బు మామూలు మబ్బు కాదు. మూడున్నరకు వరంగల్ దిక్కు నుంచి ఉరుక్కుంటూ వచ్చింది. మ్యాపు మీద ఎర్ర చుక్కలు దద్దుర్లలాగా లేచాయి. బయట గాలి మా ఆఫీసు గోడ మీది రేకు ఒకటి పీకి, సైకిల్ స్టాండు మీద విసిరికొట్టింది. మూడూ నలభై ఐదుకు మా ఊరున్న బయ్యారం దిక్కు గ్రూపులన్నిటికీ మెసేజ్ పంపాను. నాలుగుకు కాస్త ముందు అటువైపు కరెంటు పోయిందని తెలిసింది. ఫోన్ టవర్లు కూడా చాలావరకు చచ్చాయి. నాలుగుంబావుకు మా ఊరి మీద ఆఖరి చుక్క పడింది. ఆ తర్వాత అన్నీ ఖమ్మం దిక్కుకే.

స్కూటీ తీశాను. దారంతా కొమ్మలు, విరిగిన స్తంభాలు. ఒకచోట కూలిన చింతచెట్టు కింద రెండు మేకలు పడి ఉంటే, ముసలామె ఒకతె వాటిని లేపడానికి చెవులు పట్టి గుంజుతోంది. ఊరు చేరేసరికి ఆరు. వెలుతురింకా ఉంది.

మా అన్న మక్కచేను గట్టు మీద ఆయనను పండబెట్టారు. తండా ఆడవాళ్లు వాళ్ల భాషలో రాగం తీసి ఏడుస్తున్నారు. ఆయన భార్య తల దగ్గర కూచుని ఉంది. ఏడవడం లేదు. నాకంటే పదేళ్లు చిన్నది, మా చేలల్లో మిరపకాయ ఏరడానికి వచ్చేది, నన్ను అక్కా అని పిలిచేది. ఊరి మనుషులు ఇంకోవైపు గుంపుగా నిలబడి అప్పటికే తీర్పు చెప్పేశారు.

"మన గుట్టలల్ల ఇనుపరాయి ఉన్నది. పిడుగును గుంజుతది," అన్నాడు ఒక పెద్దమనిషి. ఆయన ఎవరికైనా పంచాయితీ చెప్తాడు, పిలిచినా పిలవకపోయినా.

"మరి గుట్ట మీద పడక చేన్లకెందుకొచ్చింది? తొవ్వ తప్పిందా?" అన్నాను.

"వచ్చినవా మేడమూ! ఇగ మీకు జవాబు చెప్పుడు మా తరంగాదు."

శవం కాళ్ల మీద ఎవరిదో తువ్వాల కప్పి ఉంది. నేను వంగి తువ్వాల ఎత్తబోయాను.

"ముట్టకు! పిడుగు పడ్డ ఒళ్లు ముడితే నీకూ కొడ్తది!"

"కొడితే కొట్టనీ. మీకు పీడ పోతది."

ఎత్తాను. రెండు పిక్కల ముందుభాగాన, మోకాలికి జానెడు కింద, సూటిగా గీత గీసినట్టు కాలి ఉంది. రెండు కాళ్లకూ ఒకే ఎత్తున. ఎడమ కాలు ముందు వేసి కుడి కాలు తీయబోయి పడ్డాడో ఏమో, ఎడమ కాలి మీది గీత ఎముక దాకా దిగింది. కాలిన వెంట్రుకల వాసన. పిడుగుపాటు మరణాలు నేను కాగితాల మీదా ఫొటోల్లోనూ చాలా చూశాను. పిడుగు బట్టలు చింపుతుంది, మెడలో గొలుసు కరిగిస్తుంది, ఒంటి మీద ఫెర్న్ ఆకుల్లాంటి మరకలు వేస్తుంది. స్కేలు పెట్టి కొలిచి గీత గీయదు.

తువ్వాల మళ్లీ కప్పి, అన్నను చెయ్యి పట్టి మోటారు కాడికి ఈడ్చుకుపోయాను. స్టార్టర్ డబ్బా తలుపు తెరిచి ఉంది. గట్టు పొడుగునా చిన్న చిన్న కర్రగూటాలు. తీగె లేదు.

"తీగెది?"

"ఏం తీగె?"

"అన్నా, నేను నీ చెల్లెను. ఎస్సైని కాదు. ఆయన ఒస్తుండు. ముందు నాకు చెప్పు."

మా దిక్కు మక్కకంకి పాలు పోసుకునే టైముకు అడవిపందులు దిగుతాయి. ఒక్క పూటలో ఎకరం తొక్కి పోతాయి. చేను చుట్టూ గూటాలు పాతి, మోకాలి కింద ఎత్తున తీగె కట్టి, స్టార్టర్ నుంచి కొక్కెంతో కరెంటు ఇస్తారు. తప్పని అందరికీ తెలుసు. అందరూ చేస్తారు. దాన్లో ఇంకో అలవాటు ఉంది, అది బయటివాళ్లకు తెలియదు. కరెంటు ఉన్నప్పుడు కొక్కెం పెడితే చెయ్యి కాలుతుందని, పోయినప్పుడు పెడతారు. గాలివానకు కరెంటు పోగానే, ఇదే అదనని పోయి కొక్కెం తగిలించి ఇంటికొస్తారు. ఆ క్షణానికి అది వట్టి తీగె. పొద్దుగూకినాక కరెంటు వస్తుంది, పందులు వస్తాయి, పని జరుగుతుంది. చేసేవాడి చేతికి మాత్రం ఏమీ కాదు. ఇంత జాగ్రత్త మనుషులు మా వాళ్లు.

"మబ్బుకు చీకటైంది చెల్లే. చీకటైతె పందులు తొందరగ దిగుతయి. నాలుగుకు కరెంటు పోయింది, పోయి పెట్టిన. కరెంటు రాత్రిదాక రాదనుకున్న. గంటల్నే ఇచ్చిండ్రు, నేనేం జెయ్య?"

"తండాయనకు చెప్పినవా, తీగె పెట్టిన అని?"

"అంత వానల ఎవడొస్తడనుకున్న?"

తీగె చుట్ట చుట్టి దాచాకే నాకు ఫోన్ చేశాడు. ఆ మాట కూడా తనే చెప్పాడు, ఏదో తెలివైన పని చేసినట్టు. తర్వాత గొంతు తగ్గించాడు.

"జర ఆలోచించు. పిడుగంటే ఆమెకు సర్కారు సాయం వస్తది. తీగె అంటే ఏమొస్తది? నేను జైలుకు, ఆమె కోర్టుకు. పోయినోడు ఎట్లైనా పోయిండు. నీ మ్యాపుల ఒక్క చుక్క పెడ్తె ఇద్దరం బతుకుతం."

నిజం ఒప్పుకోవాలి. అన్నకు ఇద్దరు ఆడపిల్లలు. ఆమెకు ఇద్దరు కొడుకులు. రెండు ఇళ్లనూ తూకం వేస్తున్నాను, సిగ్గులేకుండా.

అప్పుడు అన్నాడు, "అసలు వాడు మన గట్టు మీదికెందుకు రావాలె?"

చెప్పు తీసి కొట్టాను. చెంప మీద తడి మన్ను అచ్చు పడింది. రెండోసారి ఎత్తేసరికి మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. మా ఇద్దరికీ యాభై దగ్గర పడుతున్నాయి, చిన్నప్పుడు కొట్టుకున్నట్టే బురదలో కొట్టుకున్నాం.

మా అరుపులకు జనం ఇటు తిరిగారు. ఎస్సై జీపు కూడా అప్పుడే వచ్చి ఆగింది. ఆయన దిగి చొక్కా సర్దుకుని, "పిడుగేనా?" అన్నాడు. ఊరివాళ్లంతా ఒక్కసారే తలలూపారు. రాసుకోవడానికి కానిస్టేబుల్ పెన్ను తీశాడు.

శవం తల దగ్గర నుంచి ఆమె లేచి వచ్చింది. అందరినీ తప్పించుకుని నా ముందు నిలబడింది.

"అక్కా, పొద్దుమూకు ముందు ఆయన ఫోన్ జేసిండు. వాన తగ్గింది, చెట్టు కింద ఉన్న, చినుకులు పోయినంక వస్త అన్నడు. అప్పుడే ఆయనకు నీ మెసేజ్ వచ్చింది. చెట్టు కింద ఉండొద్దంటుంది మేడం, ఇప్పుడే వస్తున్న అన్నడు. నువ్వు చెప్పినట్టే చెట్టు కింద ఉండలే. మరి పిడుగు ఎట్ల పడ్డది?"

నేను పంపింది మూడూ నలభై ఐదుకు. టవర్ చచ్చి, మళ్లీ లేచి, ఐదుకు ముందు ఆయన ఫోన్లో పడింది. అప్పటికి పిడుగులు దాటి అరగంటయింది. మెసేజ్ రాకపోయి ఉంటే ఆయన ఇంకాసేపు ఆ చెట్టు కిందే బీడీ కాల్చుకుంటూ ఉండేవాడు. నా మాట నమ్మి, దగ్గరి దారి అని మా అన్న గట్టెక్కాడు.

"పిడుగా, వేరేనా? నువ్వు చెప్పు. మెషీన్ల సూస్తవు గదా."

పక్కన అన్న నా మణికట్టు ఇంకా వదల్లేదు. వేళ్లు బిగించాడు.

"పిడుగు పడలే చెల్లె," అన్నాను. "నాలుగుంబావు తర్వాత ఈడ పడలే. తీగె. మా అన్న పెట్టిన తీగె."

ఆ తర్వాత జరిగింది వరుసగా చెప్పడం కష్టం. తండా మగవాళ్లు గూటాలు పీకి మా అన్న మీద పడ్డారు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది నోటి మీద. పళ్లు ఊడి గడ్డిలో పడ్డాయి. మోటారు పైపులు విరగ్గొట్టారు, స్టార్టర్ డబ్బాను రాళ్లతో చితగ్గొట్టారు. కానిస్టేబుల్ లాఠీ ఎటు తిప్పాడో, అది ఒక ముసలాయన తల మీద దిగింది. ఊరివాళ్లు మక్కచేలో పడి పరుగెత్తారు, ఇందాకటి పెద్దమనిషి అందరికంటే ముందు. మా వదిన ఎక్కడినుంచి వచ్చిందో, నా జుట్టు పట్టుకుని కిందికి గుంజింది.

"సదువుకున్నదానివి! నీ సదువుల మన్ను వొయ్య! అన్న సంసారం కూల్చనీకి బండేసుకోని వచ్చినవానే?"

"కూల్చింది నీ మొగడు పెట్టిన కొక్కెం వదినా! నా జుట్టు ఇడువు!"

ఎస్సై గాలిలోకి అరుస్తున్నాడు, తీగె ఏది, తీగె ఉంటేనే కేసు అని. తీగె ఎక్కడుందో నాకు తెలిసింది. మా కళ్లంలో మిరపకాయల రాశి మీద పరదా కప్పి ఉంది. గాలివాన ముందు కప్పిన పరదాల మీద నీళ్లు నిలుస్తాయి. దీని ఒక కొస మీద నీళ్లు లేవు, రాళ్లు జరిపి మళ్లీ పెట్టిన గుర్తు. వదిన చేతి నుంచి తప్పించుకుని అటు పోయి పరదా ఎత్తి, మిరపకాయల్లో మోచేతుల దాకా చేతులు పెట్టాను. చుట్ట దొరికింది. కారం కళ్లలోకి లేచి ఏమీ కనపడలేదు. అన్న నెత్తురు కారుతూనే వచ్చి నా చేతిలోది గుంజుకున్నాడు, అదే చుట్టతో నా ఎడమ చేతి మీద బలంగా కొట్టాడు. రెండు వేళ్లు విరిగిన చప్పుడు నాకే వినిపించింది. ఇంకో దెబ్బకు ముందు ఎస్సై పట్టుకున్నాడు.

కట్టు వేయించుకుని దవాఖానలోనే వాంగ్మూలం ఇచ్చాను. మ్యాపు కాపీ తీసి, నిమిషాలతో సహా, నా పేరు కింద కుడి చేత్తో సంతకం చేశాను. పిడుగని రాయబోయిన పంచనామాలో కరెంటు తీగె అని పడింది.

నా పుట్టిల్లు ఆ రోజుతో అయిపోయింది. అడిగి భూపాలపల్లికి బదిలీ పెట్టించుకున్నాను. అక్కడా అదే పని, అదే తెర. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కిటికీలోంచి కనిపిస్తాయి. మా ఆయన జనగామ నుంచి వారానికోసారి వచ్చి, "నోరు మూసుకోనుంటె ఏమయ్యేది నీకు?" అనేవాడు. "నీకు అన్నం దొరికేది," అనేదాన్ని, వేళ్లకు కట్టుతో వంట చేయలేక.

ఏడాది దాటాక సాక్ష్యానికి పిలిచారు. అన్న తరఫు వకీలు నా మ్యాపు చేతిలో పట్టుకుని ఇటూ అటూ తిప్పాడు.

"ఈ ఒక్క చుక్క నేల మీద ఎంత ఉంటుందమ్మా?"

"కొన్ని కిలోమీటర్లు."

"అంటే మీ ఊరూ, తండా, గుట్ట, అన్నీ అందులోనే?"

"అవును."

"మీ ఉపగ్రహం ప్రతి పిడుగునూ చూస్తుందని ప్రమాణం చేసి చెప్పగలరా?"

"చెప్పలేను. తప్పిపోయేవి ఉంటాయి."

వకీలు నవ్వుతూ జడ్జి వైపు తిరిగాడు. అన్న బోనులో తలెత్తి నన్ను చూశాడు. పై వరసలో రెండు పళ్లు లేవు. ఆ ఒక్క జవాబుతో అన్న ఇంటికి పోవచ్చు. నాకూ ఆ కోరిక లేదని అబద్ధం చెప్పను.

"నా మాట పూర్తి కాలేదు," అన్నాను. "ఉపగ్రహం తప్పిపోవచ్చు. నేలకు జానా బెత్తెడు ఎత్తున, అడ్డంగా, రెండు కాళ్లకూ ఒకే గీత పెట్టే పిడుగు మీరెక్కడైనా చూశారా? నా చేతికి దొరికిన తీగె కూడా అంతే ఎత్తున కట్టేది. గూటాలు కొలుచుకోండి."

"అడిగినదానికే జవాబు చెప్పండి."

"చెప్తున్నాను కదా. మీకు నచ్చే చోట ఆపమంటే ఎట్లా?"

జడ్జి నన్ను మందలించాడు. పోస్టుమార్టం చేసిన డాక్టరు తర్వాత వచ్చి అదే కొలత చెప్పాడు. అన్నకు శిక్ష పడింది. వదిన బయట మెట్ల మీద నా మొహాన ఉమ్మింది. తుడుచుకుని కిందికి దిగాను.

వేపచెట్టు అవతల టీకొట్టు దగ్గర ఆమె నిలబడి ఉంది, చిన్నకొడుకును వెంటబెట్టుకుని. పిడుగు సాయం రాలేదు. ఇంకోటేదో వస్తుందని ఆఫీసుల చుట్టూ తిప్పుతున్నారు. నేనే ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను:

"ఆ రోజు నేను మెసేజ్ పెట్టకపోతే..."

"నువ్వు అందరికీ పెట్టినవ్," అంది. "తీగె ఒక్కడే పెట్టిండు."

టీ వచ్చింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఊదుకుంటూ, మామూలు గొంతుతో చెప్పింది.

"అక్కా, నేను నిన్ను అడిగింది తెలుసుకోనీకి గాదు. నువ్వొచ్చేటాలకే ఆయన కాళ్లు సూసిన. తువ్వాల కప్పింది నేనే."

"మరి ఎందుకడిగినవ్?"

"ఏమంటవో సూద్దామని. నా నడుముకు కొడవలి ఉండె, కొంగు లోపట. పొద్దున్నే నూరింది."

నేను గ్లాసు కింద పెట్టాను.

"మా అన్న కోసమా?"

కొడుకు చెయ్యి టీ మీదికి పోతుంటే మెల్లగా పక్కకు జరిపింది.

"పిడుగంటవేమో అనుకున్న. అంటే మీ ఇద్దర్ల ఎవలను ముందు అని, అప్పటికింకా తేల్చుకోలే," అంది.